జెట్ బోట్ ఇంజిన్ లాగడం లేదా? స్పానర్ పట్టే ముందు ఆర్‌పీఎం చదవండి

ఫోన్ స్లో అయితే మనం ఏం చేస్తాం? వెంటనే మదర్‌బోర్డ్ మార్చం. ముందు బెంచ్‌మార్క్ రన్ చేస్తాం, టెంపరేచర్ చూస్తాం, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏ యాప్ తినేస్తోందో వెతుకుతాం. కానీ ఇంజిన్ విషయానికి వచ్చేసరికి చాలామంది ఈ క్రమాన్ని మర్చిపోతారు. "పికప్ లేదు" అనగానే ప్లగ్గులు మార్చేస్తారు, కార్బ్యురేటర్ విప్పేస్తారు. చివరికి చూస్తే పంపు నోట్లో పిడికెడు నాచు ఇరుక్కుని ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఈరోజు పాఠానికి మనం తీసుకుంటున్న మెషీన్ జెట్ బోట్. ఇంజిన్ ట్రబుల్‌షూటింగ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కారణం ఏంటంటే, జెట్ బోట్‌లో పంపే ఒక బెంచ్‌మార్క్ మెషీన్ లాగా పనిచేస్తుంది. ఎలాగో కాసేపట్లో చూద్దాం.

పవర్ పోతే ఏమవుతుంది?

జెట్ బోట్ పుట్టిల్లు న్యూజిలాండ్. అక్కడి సౌత్ ఐలాండ్‌లో వైమకరీరి, రకాయియా లాంటి నదులు గులకరాళ్ల మధ్య పాయలు పాయలుగా చీలి పారుతుంటాయి. చాలా చోట్ల లోతు మోకాలి దాకా కూడా ఉండదు. మామూలు బోటు ప్రొపెల్లర్ అక్కడ మొదటి రాయికే పగిలిపోతుంది. బిల్ హామిల్టన్ అనే ఇంజినీర్ 1954 ప్రాంతంలో ఐరిష్‌మన్ క్రీక్‌లోని తన ఫామ్‌లో దీనికి పరిష్కారం వెతికారు. బోటు అడుగు నుంచి నీటిని లోపలికి పీల్చి, పంపుతో ఒత్తిడి పెంచి, వెనక్కి చిమ్మడం. మొదట్లో ఆ ధారను నీటి అడుగునే వదిలేవారు. తర్వాత నీటి మట్టానికి పైన వదిలి చూస్తే బోటు స్పీడ్ బాగా పెరిగింది. 1960లో ఈ బోట్లు అమెరికాలో కొలరాడో నదికి ఎదురెక్కి గ్రాండ్ కాన్యన్ దాటాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో మన గంగలో సముద్రం నుంచి హిమాలయాల వైపు ప్రయాణించారు. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చే దాకా వెళ్లారు.

ఇక అసలు విషయం. జెట్ బోట్‌కి చుక్కాని ఉండదు, బ్రేకులు ఉండవు. వెనక నుంచి చిమ్మే నీటి ధారను కుడికీ ఎడమకీ తిప్పడమే స్టీరింగ్. అంటే ధార బలం తగ్గితే స్టీరింగ్ కూడా తగ్గినట్టే. ముందు బండరాయి కనిపించగానే భయపడి థ్రాటిల్ వదిలేస్తే, బోటు తిరగకుండా నేరుగా దానివైపే జారుతుంది. అందుకే "కొంచెం లాగడం లేదు, తర్వాత చూద్దాంలే" అనే మాట ఇక్కడ పనికిరాదు. ఎదురు ప్రవాహంలో, రాళ్ల మధ్య పవర్ చచ్చిపోతే తిప్పడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

మన దగ్గర రుషికొండ లాంటి బీచ్‌లలో తిరిగే వాటర్ స్కూటర్లలో కూడా ఇదే సూత్రం. సైజు చిన్నది, అంతే. కాబట్టి ఇక్కడ నేర్చుకున్న ఆలోచనా క్రమం వాటికీ పనికొస్తుంది.

మొదటి ప్రశ్న: ఇంజినా? పంపా?

కారులో గేర్లు ఉంటాయి, ఎత్తుపల్లాలు ఉంటాయి. కాబట్టి ఆర్‌పీఎం చూసి ఇంజిన్ ఎంత పవర్ ఇస్తోందో చెప్పలేం. జెట్ బోట్‌లో అలా కాదు. చాలా బోట్లలో ఇంజిన్ షాఫ్ట్ నేరుగా పంపులోని ఇంపెల్లర్‌ని తిప్పుతుంది. ఇంపెల్లర్ తినే పవర్ దాని ఆర్‌పీఎం ఘనం ప్రకారం పెరుగుతుంది. అంటే ఆర్‌పీఎం రెట్టింపు అయితే పంపు అడిగే పవర్ ఎనిమిది రెట్లు.

ఇంకో మంచి లక్షణం కూడా ఉంది. ప్రొపెల్లర్ బోటులో జనం ఎక్కువైతే ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం పడిపోతుంది. జెట్ పంపు తినే పవర్ మాత్రం బోటు స్పీడ్ మీద పెద్దగా ఆధారపడదు. ఇద్దరు ఎక్కినా ఐదుగురు ఎక్కినా ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం దాదాపు అంతే ఉంటుంది. బోటు స్పీడ్ తగ్గుతుంది, అంతే.

దీని అర్థం ఏంటి? ఫుల్ థ్రాటిల్‌లో మీ బోటు చేరే ఆర్‌పీఎం మీ ఇంజిన్‌కి బెంచ్‌మార్క్ స్కోర్ లాంటిది. బోటు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ స్కోర్ రాసి పెట్టుకుంటే, రేపు తేడా వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు.

ఒక లెక్క చేద్దాం. మీ వీ8 బోటు మామూలుగా ఫుల్ థ్రాటిల్‌లో 4400 ఆర్‌పీఎం తిరుగుతుందనుకోండి.

ఈరోజు 4200 వస్తే: 4200ని 4400తో భాగించి ఘనం చేస్తే సుమారు 0.87. అంటే 13 శాతం పవర్ పోయింది.
ఈరోజు 4000 వస్తే: సుమారు 0.75. అంటే పావు వంతు పవర్ మాయం.
ఈరోజు 3900 వస్తే: సుమారు 0.70. అంటే 30 శాతం పోయింది.

మొదటి లైన్ ఇంకోసారి చూడండి. "200 ఆర్‌పీఎమ్మే కదా తగ్గింది" అనిపిస్తుంది. కానీ ఎనిమిది సిలిండర్లలో ఒకటి పూర్తిగా చచ్చిపోతే పోయే పవర్ కూడా దాదాపు అంతే, ఎనిమిదో వంతు. మీటర్ మీద ముల్లు కొంచెమే కదిలినా లోపల ఒక సిలిండర్ పని మానేసి ఉండొచ్చు.

ఒక జాగ్రత్త. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పలచగా ఉంటుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకి మామూలు ఇంజిన్ సుమారు 3 శాతం పవర్ కోల్పోతుంది. దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న లేక్ టెకాపోలో అదే బోటు 4300 దగ్గరే ఆగితే అది రోగం కాదు, వాతావరణం. కాబట్టి స్కోర్‌తో పాటు చోటు కూడా రాసుకోండి.

మూడు కేసులు

ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం, జీపీఎస్ స్పీడ్ రెండూ చూస్తే సమస్య మూడు గదుల్లో ఏదో ఒకదాంట్లో పడుతుంది.

కేసు 1: ఆర్‌పీఎం తగ్గింది, స్పీడ్ తగ్గింది. ఇంజిన్ పవర్ ఇవ్వడం లేదు. లేదా పంపు ఎక్కడో పట్టేస్తోంది: బేరింగ్ పోయి ఉండొచ్చు, ఇంపెల్లర్ చుట్టూ ఉండే రింగుకి రాసుకుంటూ ఉండొచ్చు. ఈ మధ్య ఇంపెల్లర్ మార్చి ఉంటే, కొత్తదాని పిచ్ ఎక్కువై కూడా ఆర్‌పీఎం తగ్గొచ్చు.

కేసు 2: ఆర్‌పీఎం పెరిగింది, స్పీడ్ తగ్గింది. ఇంజిన్ బాగానే ఉంది. పంపుకి సరిగ్గా నీళ్లు అందడం లేదు, గాలి పీలుస్తోంది, లేదా ఇంపెల్లర్ అరిగిపోయింది. క్లచ్ జారుతున్న బైక్‌లా రేస్ వస్తుంది కానీ బండి కదలదు.

కేసు 3: ఆర్‌పీఎం మామూలుగానే ఉంది, స్పీడ్ తగ్గింది. ఇంజిన్‌కీ పంపుకీ క్లీన్ చిట్. బోటు బరువు చూడండి. అడుగున నీళ్లు నిండాయా? ఫోమ్ తడిసి బరువెక్కిందా? వెనక రివర్స్ బకెట్ పూర్తిగా పైకి లేవకుండా ధారకి అడ్డుపడుతోందా?

ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

మీ ఫోనే ఒక టెస్ట్ కిట్

ఈ భాగం మన రీడర్స్ కోసం ప్రత్యేకం. డ్యాష్‌బోర్డ్‌లోని ఆర్‌పీఎం మీటర్ అబద్ధం చెప్పొచ్చు. కొన్ని మీటర్ల వెనక సిలిండర్ల సంఖ్య సెట్ చేసే చిన్న స్విచ్ ఉంటుంది. అది తప్పు స్థానంలో ఉన్నా, దాని కాంటాక్ట్ పాడైనా రీడింగ్ మొత్తం తప్పే. క్రాస్ చెక్ చేయడానికి ఫోన్ చాలు.

ఆడియో స్పెక్ట్రమ్ యాప్: ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు రౌండ్లకి ఒకసారి పేలుతుంది. కాబట్టి శబ్దం ఫ్రీక్వెన్సీ కనుక్కోవాలంటే ఆర్‌పీఎంని 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో గుణించాలి. వీ8లో 4400 ఆర్‌పీఎం అంటే సుమారు 293 హెర్ట్జ్. 3900 అంటే 260 హెర్ట్జ్. గ్రాఫ్‌లో ఆ దగ్గర్లో నిలబడిన శిఖరం కనిపిస్తే మీటర్ నిజం చెబుతున్నట్టే.

జీపీఎస్ స్పీడ్: ప్రవాహం ఉన్న నదిలో ఒకవైపు రీడింగ్‌ని నమ్మొద్దు. ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి వెళ్లి సగటు తీసుకోండి. సరస్సులో అయితే ఇంకా మంచిది.

వీడియో: పక్కన కూర్చున్నవాళ్లు డ్యాష్‌బోర్డ్ మొత్తాన్ని రికార్డ్ చేయాలి. నడిపేవాళ్లు నీటి మీద నుంచి కళ్లు తిప్పకూడదు. ఇంటికి వచ్చాక వీడియో ఆపి ఆపి చూస్తే ఏ సెకనులో ఏది పడిపోయిందో తెలుస్తుంది. గేమింగ్ ఫోన్ రివ్యూల్లో థ్రాట్లింగ్ గ్రాఫ్ చూస్తాం కదా, ఇదీ అలాంటిదే. మొదటి సెకను స్కోర్ కంటే ముప్పయ్యో సెకను స్కోర్ ఎక్కువ కథ చెబుతుంది.

ఫోన్‌కి ఐపీ68 రేటింగ్ ఉందని ధీమా వద్దు. ఆ పరీక్ష నిలకడగా ఉన్న మంచినీటిలో చేస్తారు, జోరుగా ఎగిరిపడే నీళ్లలో కాదు. వాటర్‌ప్రూఫ్ పౌచ్, మెడకి తాడు తప్పనిసరి.

ముందు సేఫ్టీ

పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. బోటు అడుగు భాగంలో పేరుకుంటుంది. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్‌ని కనీసం 4 నిమిషాలు నడపండి. ముక్కుతో కూడా ఒకసారి వాసన చూడండి.

చాలా జెట్ బోట్లలో నిజమైన న్యూట్రల్ ఉండదు. ఇంజిన్ తిరిగితే ఇంపెల్లర్ తిరుగుతుంది. పంపు నోటి దగ్గర చెయ్యి పెట్టాలంటే ఇంజిన్ ఆపి, తాళం తీసి, కిల్ స్విచ్ తాడు కూడా తీసి జేబులో పెట్టుకోండి.

ట్రైలర్ మీద పొడిగా నడపొద్దు. చాలా బోట్లలో ఇంజిన్‌ని చల్లబరిచే నీరు పంపు నుంచే వస్తుంది. పంపులోని కొన్ని బేరింగులకి నీళ్లే లూబ్రికెంట్. పైపు తగిలించి నడిపే పద్ధతి మాన్యువల్‌లో ఉన్నట్టే చేయండి.

ఫుల్ థ్రాటిల్ పరీక్ష వెడల్పైన, ఖాళీ నీటిలో, లైఫ్ జాకెట్లతో, ఇద్దరు ఉన్నప్పుడు మాత్రమే. ఒక్కో పరుగు కొద్ది సెకన్లే. పెట్రోల్ తక్కువగా, గాలి ఎక్కువగా వెళ్లే స్థితిలో ఎక్కువసేపు లాగితే పిస్టన్ కరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు చిన్న రిపేర్ కాస్తా పూర్తి ఇంజిన్ ఖర్చు అవుతుంది.

కేసు 1: ఇంజిన్ వైపు, వరుసగా

వరుస ముఖ్యం. ఖర్చు లేనివి, తేలికైనవి ముందు. విప్పాల్సినవి చివర.

1. థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా?
ఇంజిన్ ఆపి ఉంచండి. ఒకరు లివర్‌ని పూర్తిగా ముందుకి నెట్టాలి, మరొకరు కార్బ్యురేటర్ లేదా థ్రాటిల్ బాడీ దగ్గర పలకలు నిలువుగా నిలబడ్డాయో లేదో చూడాలి. కేబుల్ సాగిపోయినా, బిగింపు జారినా లివర్ ఫుల్ చూపిస్తుంది కానీ పలక ముప్పావు వంతే తెరుచుకుంటుంది. నాలుగు నోళ్ల కార్బ్యురేటర్ అయితే వెనక రెండు నోళ్లు కూడా తెరుచుకుంటున్నాయా చూడండి. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షని చాలామంది చివరికి వదిలేస్తారు.

2. గాలి అందుతోందా?
బోటు ఇంజిన్ మీద ఎయిర్ ఫిల్టర్‌లా కనిపించేది నిజానికి ఫ్లేమ్ అరెస్టర్. ఇంజిన్ బ్యాక్‌ఫైర్ అయితే మంట బయటికి రాకుండా ఆపేది అదే. నూనె ఆవిరితో జిడ్డు పట్టి మూసుకుపోతుంది. కడిగి, ఆరబెట్టి మళ్లీ బిగించండి. "అది తీసేసి ఒకసారి నడిపి చూద్దాం" అనే ఆలోచన మాత్రం వద్దు. అది అగ్నిప్రమాదానికి ఆహ్వానం.

ఇక్కడ వాక్యూమ్ గేజ్ మంచి ఆయుధం. ఫుల్ థ్రాటిల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ దాదాపు సున్నాకి పడిపోవాలి. అలా పడకుండా ఇంకా గట్టిగా పీలుపు చూపిస్తుంటే గాలి దారిలో అడ్డు ఉంది: థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోలేదు లేదా అరెస్టర్ మూసుకుపోయింది. సున్నా దగ్గరికి వచ్చి కూడా పవర్ లేదంటే గాలి వెళ్లే దారి బాగానే ఉంది, తర్వాతి మెట్టుకి వెళ్లండి.

3. పెట్రోల్ అందుతోందా?
ఐడిల్‌లో బాగుండి, సగం రేస్‌లో బాగుండి, ఫుల్ థ్రాటిల్‌లో కొన్ని సెకన్ల తర్వాత చతికిలపడితే మొదటి అనుమానం ఇంధనం మీదే. ఫ్యూయల్ ప్రెషర్‌ని ఐడిల్‌లో కాదు, లోడ్ మీద చూడాలి. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది చాలా తక్కువ, సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా అంత ఇవ్వగలదు.

చూడాల్సినవి: ట్యాంక్ గాలి రంధ్రం (పవర్ పడిన వెంటనే ట్యాంక్ మూత వదులు చేసి మళ్లీ లాగి చూడండి, బాగైతే దొంగ దొరికినట్టే). నీటిని వేరు చేసే ఫిల్టర్ (అందులోని పెట్రోల్‌ని గాజు సీసాలో పోసి కాసేపు ఉంచండి, నీళ్లుంటే అడుగున వేరుగా నిలుస్తాయి). గట్టిపడిన లేదా లోపల పొర ఊడిన పైపులు. యాంటీ సైఫన్ వాల్వ్: పైపు తెగితే ట్యాంక్ మొత్తం బోటులోకి కారిపోకుండా ట్యాంక్ మూతి దగ్గర పెట్టే చిన్న స్ప్రింగ్ వాల్వ్ ఇది. చెత్త పట్టి ఇరుక్కుంటే ఇంజిన్ గొంతు నొక్కినట్టే.

4. కరెంట్ సరిగ్గా వస్తోందా?
ప్లగ్గులన్నీ విప్పి సిలిండర్ వరుసలోనే పెట్టండి, కలిపేయకండి. ఒక్కటి మాత్రం తడిగా నల్లగా ఉంటే ఆ సిలిండర్ మండడం లేదు. అన్నీ పొడిగా మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది. తెల్లగా కాలి, మొనల మీద చిన్న చిన్న గుళ్లు కనిపిస్తే పెట్రోల్ తక్కువ లేదా టైమింగ్ ఎక్కువ, వెంటనే ఆపాల్సిన సంకేతం. స్పార్క్ టెస్టర్‌తో ఒక్కో వైరూ చూడండి. చేత్తో వైరు పీకి షాక్ తినే పాత అలవాటు మానుకోండి, పెట్రోల్ ఆవిరి ఉన్న చోట ఆ మెరుపు ఇంకా ప్రమాదం.

కారు మెకానిక్‌లు ఎగ్జాస్ట్ పైపుల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచి చచ్చిన సిలిండర్ పట్టుకుంటారు. బోటులో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి ఆ రీడింగ్ మోసం చేస్తుంది.

5. టైమింగ్ ముందుకు కదులుతోందా?
రేస్ పెరిగేకొద్దీ స్పార్క్ ముందుగా పడాలి. పాత డిస్ట్రిబ్యూటర్‌లలో ఈ పని చేసే బరువులు తుప్పు పట్టి ఇరుక్కుంటాయి. అప్పుడు ఐడిల్ చక్కగా ఉంటుంది, పై రేస్‌లో మాత్రం ఇంజిన్ మొద్దుబారుతుంది. టైమింగ్ లైట్‌తో ఐడిల్‌లో ఒకసారి, పై రేస్‌లో ఒకసారి చూసి మీ ఇంజిన్ మాన్యువల్ అంకెతో పోల్చండి.

6. కంప్రెషన్ ఉందా?
ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఇంధనం రెండూ కట్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రతి సిలిండర్‌కీ ఒకే లెక్కన సెల్ఫ్ కొట్టండి. విడి అంకె కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. అతి తక్కువ రీడింగ్ అతి ఎక్కువ దాంట్లో 75 శాతం కంటే తగ్గకూడదన్నది మెకానిక్‌లు వాడే లెక్క. ఏదైనా తక్కువ వస్తే ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి, ఇంజిన్ బోరుకి వచ్చింది. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే మధ్యలో హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

7. పొగ బయటికి పోతోందా?
పీల్చినంత వదలాలి కదా. ఎగ్జాస్ట్ లోపల తుప్పు పొరలు ఊడినా, రబ్బరు పైపు లోపలి పొర విడిపోయి మడతపడినా ఇంజిన్ ఊపిరాడక నీరసపడుతుంది.

8. కంప్యూటరే ఆపుతోందా?
ఈఎఫ్‌ఐ ఇంజిన్‌లలో వేడి పెరిగినా, ఆయిల్ ప్రెషర్ తగ్గినా, ఏదైనా సెన్సర్ తప్పు చెప్పినా ఈసీయూ కావాలనే పవర్ తగ్గిస్తుంది. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గినట్టే. ఇలాంటి ఇంజిన్ అయితే ఈ మెట్టుని అన్నిటికంటే ముందుకు తెచ్చుకోండి: స్కానర్ పెట్టి కోడ్ చదవండి. కోడ్ చెప్పిన సెన్సర్‌ని వెంటనే మార్చేయకండి. వేడి అని కోడ్ వస్తే నిజంగానే వేడెక్కుతుండొచ్చు. గులకరాళ్ల నదుల్లో తిరిగే బోట్లలో ఇసుక చేరి నీటి జల్లెడ మూసుకుపోవడం మామూలే.

కేసు 2: పంపు వైపు

ఇంజిన్ ఆపి, తాళం తీసి, ముందు అడుగున ఉన్న జల్లెడ కమ్మీలు చూడండి. నాచు, ప్లాస్టిక్ సంచి, తాడు ముక్క, కమ్మీల మధ్య ఇరుక్కున్న రాయి. ఏదైనా కావచ్చు. కొద్దిగా అడ్డుపడినా పంపులో నీళ్లు బుడగలుగా మరిగి, గులకలు నూరుతున్నట్టు శబ్దం వస్తుంది. దీన్నే కేవిటేషన్ అంటారు.

తర్వాత ఇంపెల్లర్ రెక్కల అంచులు. రాళ్లు తగిలి సొట్టలు పడితే నీటిని కోయాల్సిన అంచు మొద్దుబారుతుంది. చిన్న సొట్టల్ని ఆకురాయితో సరిచేయొచ్చు. ఆ తర్వాత రెక్క చివరకీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు. ఇసుక నీటిలో తిరిగేకొద్దీ ఈ సందు పెరుగుతుంది, ఒత్తిడితో ముందుకు పోవాల్సిన నీళ్లు వెనక్కి జారుతాయి. ఫీలర్ గేజ్‌తో కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. చివరిగా, పంపుకీ బోటు అడుగుకీ మధ్య సీల్. అక్కడ గాలి లీక్ అయితే ఇంపెల్లర్ నీళ్లకి బదులు నురగను తిప్పుతుంది.

ఒక ఉదాహరణ: లెక్క ఎలా తేలుతుంది?

పాఠం కోసం ఒక కేసు కట్టుకుందాం. కార్బ్యురేటర్ వీ8, రాసిపెట్టుకున్న స్కోర్ 4400 ఆర్‌పీఎం. ఓనర్ కంప్లైంట్: "పవర్ లేదు, ఇంజిన్ పోయినట్టుంది."

వీడియో తీసి చూస్తే, మొదటి 8 సెకన్లు 4400 వచ్చింది. తర్వాత మెల్లగా జారి 3900 దగ్గర ఆగింది. స్పీడ్ కూడా దానితోపాటే పడింది. కాబట్టి కేసు 1.

ఇప్పుడు ఆలోచించండి. రింగులు పోయిన ఇంజిన్ మొదటి 8 సెకన్లు ఆరోగ్యంగా ఉంటుందా? ఉండదు. చచ్చిన ప్లగ్ 8 సెకన్లు ఆగి చస్తుందా? చాలా అరుదు. థ్రాటిల్ కేబుల్ జారితే అసలు 4400 రానే రాదు. మరి 8 సెకన్లు నడిపింది ఏది? కార్బ్యురేటర్ గిన్నెలో నిల్వ ఉన్న పెట్రోల్. అది అయిపోయాక, వెనక నుంచి వచ్చేది సరిపోక ఇంజిన్ నీరసపడింది.

గేజ్ పెట్టారు. ఐడిల్‌లో 6 పీఎస్‌ఐ. ఫుల్ థ్రాటిల్‌లో 2కి పడిపోయింది. ట్యాంక్ మూత వదులు చేశారు, మార్పు లేదు. కాబట్టి గాలి రంధ్రం కాదు. ఫిల్టర్ మార్చారు, మార్పు లేదు. తర్వాత బోటు ట్యాంక్‌ని పక్కన పెట్టి, గట్టిగా కట్టిన పోర్టబుల్ బోట్ ట్యాంక్ నుంచి పెట్రోల్ ఇచ్చారు. 4400 వచ్చింది, నిలబడింది. అంటే పంపు మంచిది, కార్బ్యురేటర్ మంచిది. తప్పు బోటు ట్యాంక్ నుంచి ఫిల్టర్ దాకా ఉన్న కొద్ది దూరంలోనే ఉంది. అక్కడ మిగిలినవి పైపు, యాంటీ సైఫన్ వాల్వ్, ట్యాంక్ లోపలి పీల్చే గొట్టం. వాల్వ్ విప్పితే సగం మూసుకుని ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి పారేయకుండా, కొత్తది వేసి మళ్లీ టెస్ట్ చేశారు. 4400, ముప్పై సెకన్లు.

ఇంజిన్ విప్పలేదు. ప్లగ్గులు కూడా మార్చలేదు. ప్రతి పరీక్షా సగం అనుమానాల్ని కొట్టేస్తూ వచ్చింది. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ప్రోగ్రామ్‌ని సగానికి సగం కోస్తూ పోతాం కదా, అచ్చం అదే పద్ధతి.

చేయకూడని నాలుగు పనులు

ఒకేసారి మూడు పార్టులు మార్చకండి. బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు, బాగవకపోతే ఏది కొత్తగా పాడుచేసిందో తెలియదు.

కారు పార్టులు వేయకండి. బోటు ఆల్టర్నేటర్, స్టార్టర్, డిస్ట్రిబ్యూటర్ లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా తయారవుతాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, ధర ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

పవర్ తగ్గిందని ఇంపెల్లర్ మార్చి ఆర్‌పీఎం పెంచుకోకండి. తక్కువ పిచ్ ఇంపెల్లర్ వేస్తే మీటర్ మీద అంకె బాగుంటుంది, రోగం లోపలే ఉంటుంది.

రిపేర్ అయ్యాక నేరుగా నదిలోకి వెళ్లకండి. ముందు సరస్సులో స్కోర్ తిరిగి వచ్చిందని చూసుకోండి.

చివరిగా

మొత్తం పాఠాన్ని ఇలా గుర్తుపెట్టుకోండి. మంచి రోజున స్కోర్ రాసుకోండి: ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం, రెండు దిక్కుల సగటు స్పీడ్, ఫ్యూయల్ ప్రెషర్, టెంపరేచర్, చోటు. చెడ్డ రోజున అవే మళ్లీ కొలవండి. తేడా ఏ గదిలో ఉందో ముందు తేల్చండి. ఆ గదిలో తేలికైన పరీక్ష నుంచి కష్టమైన దానికి వెళ్లండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి.

ఈ స్కోర్ షీట్‌ని మీ ఫోన్ నోట్స్‌లో ఈరోజే తయారుచేసుకోండి. బోటు లేకపోతే బైక్‌కి మొదలుపెట్టండి, అలవాటు అదే. ఎందుకంటే నది మధ్యలో, ముందు బండరాయి కనిపిస్తున్నప్పుడు, థ్రాటిల్ నెడితే పవర్ వస్తుందా రాదా అన్నది ఆ క్షణంలో తెలుసుకోవాల్సిన విషయం కాదు. అది ఒడ్డున ఉండగానే తేలిపోవాలి.